ఎండకు తేలిన ఊదారంగు

పెడనలో కలంకారీ అద్దకం పనివాడు చిన్నబాబును చంపినవాళ్లు అతని పది వేళ్లూ కోసుకుపోయారు. ప్రాణం ఉండగానే కోశారని డాక్టర్ చెప్పాడు.

బందరు సేఫ్ హౌస్‌లో చీఫ్ శంకరరావు ఆ ఫోటోలు ఏజెంట్ సుహైల్ ముందు పరిచాడు. దివిసీమ తీరంలోని రహస్య రాడార్ల మ్యాప్‌ను ఒక విదేశీ ముఠా చిన్నబాబు చేత తెల్లగుడ్డ మీద అద్దించింది. రంగు ఫోటోక్రోమిక్ డై. నీడలో కనపడదు, ఎండ తగిలితే ఊదాగా తేలుతుంది. తాకినవాళ్ల వేళ్లకూ అంటుకుంటుంది కాబట్టే చిన్నబాబు వేళ్లు మాయమయ్యాయి. ఆ గుడ్డ మధ్యాహ్నం పన్నెండింటికి గిలకలదిండి హార్బర్‌లో బోటెక్కుతుంది.

సుహైల్‌కు తోడుగా నాగజ్యోతి వెళ్లింది. ఆర్నెల్లుగా ముఠాలో మనిషిలా తిరుగుతూ సమాచారం తెస్తున్న అందగత్తె. ఒకే క్యారేజీలో అన్నం తిన్న స్నేహం వాళ్లది. సుహైల్ మరొకరిని నమ్మడు.

గుడ్డ ఐసుపెట్టెల్లో ఉందని ఆమే చెప్పింది. చేపల బేరగాళ్ల వేషంలో హార్బర్ చేరి, షెడ్డులోని పెట్టెలన్నీ సుహైల్ యూవీ టార్చితో వెతికాడు. ఏమీ లేదు. పదకొండూ యాభై అయింది.

“ఇక్కడ కాదేమోనండీ. ఆ చివరి బోటు చూడండి,” అంటూ నాగజ్యోతి షెడ్డు నీడలోంచి చెయ్యి చాపింది.

ఆమె వేలికొసలు ఎండలో ఊదాగా మారాయి. ఇద్దరూ చూశారు. దారంతా ఆమె చేతులు జేబుల్లోంచి తియ్యలేదని సుహైల్‌కు అప్పుడు తట్టింది.

సుహైల్ ఆమె మణికట్టు పట్టి ఎండలోకి ఈడ్చి, పొడుగు చొక్కా చెయ్యి చింపాడు. లోపల మోచేతి దాకా తెల్లటి కట్టు. దాని మీద కాలువలు, రోడ్లు, రాడార్ల చుక్కలు ఒక్కొక్కటే తేలాయి.

“చిన్నబాబు వేళ్లు కోసింది నువ్వేనా?”

“వాళ్లు అతని చేతులు పట్టుకున్నారు. నేను కోశాను,” అంది. “వదిలెయ్యండి సుహైల్ గారూ. ఆ బోటులోంచి గిరీష్ చూస్తున్నాడు. దొరికిపోయానని తెలిస్తే నన్ను బతకనివ్వడు.”

బోటు మీద ముఠా మనిషి గిరీష్ పిస్టల్ ఎత్తడం సుహైల్‌కు కనిపించింది. కిందికి లాగితే ఆమె బతికేది. లాగలేదు. తనకు అడ్డంగా నిలబెట్టుకున్నాడు. రెండు గుళ్లూ ఆమెకే తగిలాయి.

“ఐసు కరిగింది,” అన్నాడు మైకులో. ఆ కోడ్ కోసం కాచుకున్న కోస్ట్ గార్డు, గిరీష్ బోటు సముద్రంలోకి దాటే ఆఖరి క్షణాన అడ్డుకుంది.

శంకరరావు ఫోన్ చేశాడు. నాగజ్యోతి ఊసెత్తలేదు. గుడ్డ బాగానే ఉందా అని అడిగాడు.

సుహైల్ ఆమె చేతి కట్టు విప్పుతూ ఉన్నాడు. రక్తానికి తడిసి ముడి ఊడిరావడం లేదు.

“బాగానే ఉందండీ,” అన్నాడు. “ఒకసారి ఉతకాలంతే.”