మూడో నంబర్ క్యాబిన్‌లో కత్తెర చప్పుడు

ఖతార్‌లో అల్ ఖోర్ దాటి రాస్ లఫాన్ రోడ్డెక్కే ముందు, ఎడమచేతి వైపు ఒక లేబర్ క్యాంప్ ఉంది. అందులో రాత్రి పది కొట్టాక మూడో నంబర్ క్యాబిన్ వైపు ఎవరూ వెళ్ళరు. బాత్‌రూమ్‌లకు దగ్గరి దారి అదే. అయినా సరే నేపాలీలూ, బంగ్లావాళ్ళూ, మనవాళ్ళూ అందరూ మెస్ చుట్టూ తిరిగి వెళ్తారు. భాషలు వేరైనా భయం మాత్రం అందరికీ ఒకటే.

అంతగా ఏముందయ్యా అందులో అంటే... ఒక కంప్యూటర్. నాలుగువందల మంది హాజరు ఎక్కించే పాత కంప్యూటర్. రాజన్న అనే టైమ్‌కీపర్ మార్చి నెలలో ఒక రాత్రి ఆ టేబుల్ మీదే తల వాల్చాడు, మళ్ళీ ఎత్తలేదు. గుండె ఆగిందన్నారు. అప్పట్నుంచి ఆ చీకట్లో సరిగ్గా పదింటికి ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుందట. ఆ వెంటనే చప్పుడు... కిచ్... కిచ్... కిచ్... ఎవరో కత్తెరతో దేన్నో కోస్తున్నట్టు. ఉండుండి ఒక ఆడమనిషి దగ్గు.

ఆడగాలి సోకని క్యాంప్‌లో ఆడమనిషి దగ్గు! మీరైతే ఆ దారిన వెళ్తారా? నేనైతే చచ్చినా వెళ్ళను.

భూమేష్‌కు మాత్రం వెళ్ళక తప్పలేదు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. పరంజా మీంచి జారిపడి నడుం దెబ్బతింది. ఇసుక తట్ట ఎత్తినా కళ్ళు బైర్లు కమ్ముతాయి. ముఐథర్ క్యాంప్ నుంచి ఇక్కడికి పంపి రెండు వారాలైంది. కూర్చుని చేసే పని దొరికిందా, ఉంటాడు. లేదా వీసా క్యాన్సిల్. ఆ నడుంతో ఊరికి పోయి చేయగలిగిందీ ఏమీ లేదు. ఒకప్పుడు ఊళ్ళో మూడేళ్ళు జిరాక్స్ షాపు నడిపాడు, కంప్యూటర్ విప్పి బిగించడం వచ్చు. ఆ సంగతి క్యాంప్ బాస్ వేణుగోపాలరావు చెవిన పడింది.

"చూడు భూమేష్, అది ఆన్ చేసి టీ తాగొచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతానే ఉంటది. ఒక్క పేరు కొడితే ఐదు నిమిషాలు. రేపు పొద్దున ఏడింటికి హెడ్డాఫీసువాళ్ళు వస్తన్నారు. ఈలోగా దాన్ని దారికి తెచ్చావో, టైమ్‌కీపర్ సీటు నీదే. లేదంటే నేనేం చెయ్యలేనబ్బాయ్. ఖలాస్."

పగలంతా దాని మీద పని ఉంటుంది. చూస్తే రాత్రే చూడాలి.

వాచ్‌మన్ ఓబులయ్య కడప మనిషి. తాళంచెవి చేతిలో పెట్టి, మళ్ళీ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పది లోపల బయటికొచ్చెయ్యప్పా."

"పది దాటితె ఏమైతది ఓబులన్నా?"

"నాకేం తెల్సు? ఆడ నిలబడి చూసినోడెవడుండాడు!"

ఎనిమిదిన్నరకు భూమేష్ తలుపు తీశాడు. గదిలో పాత ఏసీ రొద తప్ప వేరే శబ్దం లేదు. ముందు పెట్టె విప్పాడు. ఫ్యాన్‌లో పిడికెడు దుమ్ము. బ్రష్‌తో తుడిచి బిగించాడు. ఆన్ చేయగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములు పంతొమ్మిది ఉన్నాయి. పనికొచ్చేవేం కావు, ఎవరెవరో ఎప్పుడో దించుకుని మరిచిపోయినవి. ఒక్కొక్కటే ఆపాడు. ఫోన్ కాల్స్‌ది ఒక్కటి, ఆఫీసుదేమోనని వదిలేశాడు. వైరస్ వెతికాడు. మళ్ళీ ఆన్ చేశాడు.

అదే నడక. ఇంచు కూడా మారలేదు.

టైమ్ తొమ్మిదీ నలభై. బయట క్యాంప్ మొత్తం నిద్రపోయింది. పొద్దున నాలుగింటికే బస్సులు మరి. ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. నాలుగువందల మంది మధ్య ఉండి కూడా పిలిస్తే పలికే మనిషి లేడనిపించింది. ఇన్నేళ్ళ గల్ఫ్‌లో ఎన్నడూ లేనంత దిగులు వేసింది భూమేష్‌కు.

అప్పుడు తట్టింది. లోపల ఖాళీ ఎంతుందో చూడనేలేదు. చూశాడు. లేదు. గోరంత కూడా ఖాళీ లేదు. ఏది నింపిందా అని వెతికితే ఒక్కటే ఫోల్డర్, దాని పేరు రాజన్న. నిండా వీడియోలు. రోజుకొకటి.

పాపం, తన జ్ఞాపకాలేవో దాచుకున్నాడు కాబోలు అనుకుంటూ కిందికి జరిపాడు. జనవరి... ఫిబ్రవరి... మార్చి...

ఏప్రిల్.

చెయ్యి ఆగిపోయింది. రాజన్న పోయింది మార్చిలో కదా?

మే... జూన్... రాత్రి తప్పకుండా ఒక వీడియో. చిట్టచివరిది — నిన్నటిది. రాత్రి పదింటికి మొదలు. రెండు గంటలు.

అంటే నిన్న రాత్రి కూడా రాజన్న పేరుతో ఎవరో ఈ గదిలో...

గోడ గడియారం వైపు చూసే ధైర్యం లేకపోయింది. చూడక్కర్లేదు కూడా. మానిటర్ నెత్తిన ఉన్న కెమెరాకు ఆకుపచ్చ చుక్క వెలిగింది.

మౌస్ కదపబోయాడు. కదల్లేదు. పెట్టెలో ఫ్యాన్ ఒక్కసారిగా గుయ్యిమంది. ఆ రొదలోంచి —

కిచ్... కిచ్... కిచ్...

పారిపోదామని సగం లేచాడు. కానీ ఆ చప్పుడు... ఆ చప్పుడు అతనికి తెలుసు! క్యాంప్‌లో ఇంకెవరికీ తెలియదు గానీ, భూమేష్‌కు పుట్టినప్పట్నుంచీ తెలుసు. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని, బీడీల కోసం తునికాకు కత్తిరించే చప్పుడు. అది వింటూనే రోజూ నిద్రపోయేవాడు.

తెర మీద నెమ్మదిగా ఒక కిటికీ తెరుచుకుంది. బల్బు వెలుగులో ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, పక్కన కట్టలు కట్టిన బీడీలు. తంబాకు ఘాటుకు దగ్గింది. తలెత్తి చూసి ఉలిక్కిపడింది.

"ఎవలు?"

"నేను... భూమేష్. జగిత్యాల దిక్కు. మిషిన్ మంచిగ జేద్దామని వచ్చిన. నువ్వెవలు?"

"గంగామణిని. రాజన్న ఇంటిదాన్ని."

భూమేష్‌కు చిక్కుముడి విడిపోయింది. భార్య ఫోన్ చేస్తే మిషనే ఎత్తుకునేలా, మాటలన్నీ అదే దాచిపెట్టేలా రాజన్న ఏర్పాటు చేసుకున్నాడు. ఇక్కడ ఈయన హాజరు ఎక్కిస్తూ, అక్కడ ఆమె బీడీలు చుడుతూ, మాటలున్నా లేకపోయినా ఇద్దరూ కలిసి రాత్రి పని చేసుకునేవాళ్ళన్నమాట. పగటివాళ్ళు పోతూ పోతూ మానిటర్ ఒక్కటే ఆపుతారు. మిషన్ ఆపితే మళ్ళీ లేవడానికి అరగంట కదా! అందుకే ఇన్నాళ్ళూ బయటివాళ్ళకు చుక్కా, చప్పుడే గానీ బొమ్మ కనబడలేదు.

దయ్యం లేదు, గియ్యం లేదు. భూమేష్‌కు నవ్వొచ్చినంత పనైంది. ఈ ప్రోగ్రాం పీకేసి, ఫోల్డర్ ఖాళీ చేస్తే మిషన్ పరుగెత్తుతుంది. సీటు తనది.

చెయ్యి మాత్రం కదల్లేదు.

"వదినా..." గొంతు గుసగుసలా వచ్చింది. "అన్న సంగతి నీకు ఎర్కేనా?"

"ఎర్కలేకేంది తమ్మీ? నేనే గద ఎయిర్‌పోర్టుకు పోయి పెట్టె తెచ్చుకున్న."

"మరి దినాం ఎందుకు జేస్తున్నవ్?"

కత్తెర ఆగింది.

"ఎత్తుతుండు గదా."

ఎత్తేది ఆయన కాదు, మిషన్. ఆ ముక్క చెప్పి తీరాలి. చెప్పి ఆపేయాలి. లేకపోతే పొద్దున్నే తన పెట్టె సర్దుకోవాలి.

"వదినా, ఒక్కమాట జెప్త, ఏమనుకోకు. అది ఎత్తేది..."

"జర ఆగు తమ్మీ."

ఆమె చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. గొంతు బాగా తగ్గించింది.

"ఆ కుర్చీలకెల్లి లెవ్వరాదు? నువ్వున్నవని ఆయన నిలవడే ఉండు. కాళ్ళు గుంజుతయ్ ఆయనకు."

తెర మూలన చిన్న గడిలో తన వైపు బొమ్మ కనిపిస్తోంది. తన మొహం, వెనక క్యాలెండర్. అంతే. ఇంకెవరూ లేరు. అయినా భూమేష్ వెనక్కి తిరగలేదు. లేరని తేలిపోతుందనో, ఉన్నాడని తేలిపోతుందనో... ఏది భయమో అతనికే తెలియలేదు.

మెల్లగా లేచాడు. కుర్చీని కెమెరాకు ఎదురుగా జరిపాడు. గోడకు ఆనుకుని, తలదించుకుని, తలుపు దాకా వెళ్ళాడు. వెనక కత్తెర మళ్ళీ మొదలైంది.

"తిన్నవా?" అంది గంగామణి. అడిగింది భూమేష్‌ను కాదు.

తెల్లవారుజామున నాలుగింటికి మళ్ళీ వచ్చాడు. రాజన్న వీడియోలన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి జాగ్రత్త చేశాడు. ఫోల్డర్ ఖాళీ చేశాడు. రికార్డింగ్ ఆపాడు. కాల్ ఎత్తుకునే ప్రోగ్రాం జోలికి మాత్రం పోలేదు. ఏడింటికి హెడ్డాఫీసువాళ్ళు పేరు కొట్టడమే ఆలస్యం, హాజరు కళ్ళముందు నిలబడింది. వేణుగోపాలరావు వీపు తట్టాడు. సీటు దక్కింది.

ఇప్పటికీ భూమేష్ అక్కడే పనిచేస్తున్నాడు. ఎంత పని మిగిలి ఉన్నా పదికి పది నిమిషాల ముందు లేచిపోతాడు. మానిటర్ ఆపడు. లైటు ఆర్పడు.

"ఇంకా పనుండాదంటివే, అప్పుడే లేస్తివేమప్పా?" అని ఓబులయ్య ఒకసారి అడిగాడు.

"నాది పగటి డ్యూటీనే ఓబులన్నా," అన్నాడు భూమేష్, తలుపు దగ్గరగా వేస్తూ. "రాత్రి డ్యూటీకి ఆయన ఉండు."