చర్ఖాకు కట్టిన చక్రం

సిరిసిల్ల బజార్లలోకి చెరువు నీళ్లు వచ్చిన ఏడు అది. కోరుట్లలో వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. సాయన్న పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరుచుకుని, పాత రేస్ సైకిల్ ఫ్రేమును కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు. తుప్పు వదులుతోంది గానీ ఆ వాసనకు మొహం పక్కకు తిప్పుకోవాల్సి వస్తోంది.

"ఏందయ్యా, ఆ ఇనుపముక్కకు రోజూ తానాలేంది? చక్రాలు లేని సైకిలెక్కి ఎటు పోతవ్?" చాయ్ గ్లాసు పక్కన పెడుతూ అంది భార్య ఇంద్రమ్మ.

సాయన్న గుడ్డను మళ్లీ కిరసనాయిల్లో ముంచాడు.

అది అతని మొదటి సైకిల్. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. జగిత్యాలలో ఎవరో డాక్టరు కొడుకు తొక్కి వదిలేసిన దాన్ని తండ్రి కొని తెచ్చాడు. తమ్ముడు భూమన్నకు పెడల్ అందేది కాదు. ముందు కడ్డీ మీద కూర్చునేవాడు. సాయన్న వంగి తొక్కితే తమ్ముడి తల సరిగ్గా అతని గడ్డం కింద ఉండేది. ఇద్దరూ కలిసి ఎన్నిసార్లు వరిమడిలో పడ్డారో!

తండ్రి పోయాక పంపకాల్లో ఆ సైకిల్ దగ్గరే పంచాయితీ ఆగింది. అన్న నాకే అన్నాడు. తమ్ముడూ నాకే అన్నాడు. బదులుగా రాగి బిందెలు తీసుకొమ్మన్నా ఇద్దరూ వినలేదు. విసిగిపోయిన కులపెద్దలు పానా తెప్పించి నట్లు విప్పించారు. ఫ్రేము సాయన్నతో కోరుట్లకు వచ్చింది, చక్రాలు సిరిసిల్లలో తమ్ముడి దగ్గర ఉండిపోయాయి. ఆనాటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆ పంపకం తలుచుకుంటే సాయన్నకు ఇప్పటికీ రోతే.

ఇప్పుడు అతని కళ్లు పోతున్నాయి. డాక్టర్లు ఇక లాభం లేదన్నారు. అంతా చీకటి కాకముందే ఆ సైకిల్‌ను ఒక్కసారి నిలబెట్టి చూడాలి. ఆ కొలత చక్రాల కోసం జగిత్యాల అంతా తిరిగాడు, దొరకలేదు.

"నీ తమ్ముని ఇంట్లకు నీళ్లచ్చినయట. చూసి రాపోరాదు?" అంది ఇంద్రమ్మ.

"పోతున్న. చక్రాలకు. వాని కోసం కాదు."

"థూ! గదేం మాటయ్యా!"

వేములవాడలో బస్సు మారి మధ్యాహ్నానికి సిరిసిల్లలో దిగాడు. సందు నిండా బురద. తడిసిన నూలు మురిగి కంపు కొడుతోంది. సాయన్న తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. భూమన్న సాంచెల షెడ్డులో, మరమగ్గాల చుట్టూ మోకాలి లోతు నల్లనీళ్లు. కరెంటు లేదు. అరుగు మీద తమ్ముడి భార్య రాజవ్వ చేత్తో చర్ఖా తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది.

ఆ చర్ఖాకు కట్టింది సైకిల్ చక్రం. టైరు ఉండాల్సిన చోట జిడ్డు పట్టిన తాడు.

"నా సైకిల్ చక్రాన్ని గిట్ల జేసిండ్రా? రోత పుడ్తలేదా మీకు?"

రాజవ్వ కొంగు సరిచేసుకుంది గానీ చెయ్యి ఆపలేదు. "రా బావా. ఇల్లు మునిగిందని అచ్చినవనుకున్న. చక్రం మునిగిందేమోనని అచ్చినవా?"

మాటలు విని భూమన్న షెడ్డులోంచి వచ్చాడు. నడుం దాకా బురద.

"ఏం గావాలె అన్నా?"

"చక్రాలు."

"ఒకటి గోడకున్నది. ఇంకోటి గిదే. సాంచెలు మునిగినయి. గీమె చుట్టే కండెలు పక్క వాడ మగ్గాలకు ఇచ్చి ఇంత తింటున్నం."

"కండ్లు పోతున్నయిరా. ఒక్కసారి నిలబెట్టి చూస్త. గంతే."

భూమన్న చేతుల బురద దులుపుకున్నాడు. లోపలికి పోయి పానా తెచ్చాడు.

"తియ్యకు! రేపేం తింటం?" రాజవ్వ చక్రాన్ని పట్టుకుంది.

"జరుగే. కండ్లు పోతున్నయంటుండు."

పానా పడింది. నట్టు కిర్రుమంది. చుడుతున్న పోగు తెగి బురదలో పడింది. ఆనాడు పెద్దల ముందు విన్న చప్పుడే. కానీ ఆనాడు ఇవ్వనని మొండికేసినవాడు, ఇవాళ తన కూడు తానే విప్పి ఇస్తున్నాడు. వంగిన మెడ నిండా ఎండిన బురద, నెరిసిన వెంట్రుకలు. ఆ తమ్ముడి ముందు తాను ముక్కు మూసుకుని నిలబడ్డాడు! సాయన్నకు తన మీద తనకే రోత పుట్టింది. తువ్వాల లాగి పారేశాడు.

"ఆపు. మల్ల విప్పకురా."

"మరి సైకిల్?"

"నిలబడకుంటే పాయె." కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముడి చేతిలోంచి పానా తీసుకుని, నట్టు తానే బిగించాడు.

"ఏడ్వకు బావా," రాజవ్వ తానూ ముక్కు చీదుతూ అంది. "గీడున్న నీళ్లు సాల్తలేవా?"

తడికళ్లతోనే ముగ్గురూ నవ్వారు.

మర్నాడు తెల్లవారి సాయన్న ధోవతి మోకాళ్ల పైకి ఎగగట్టాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఛీ, ఏం కంపురా గిది!" అని ఉమ్మాడు. బకెట్ అందుకుని నల్లనీళ్లలోకి దిగాడు.