నాలుగు పాయింట్ ఎనిమిది

మధ్యాహ్నం 3:10. సిల్క్‌ను శత్రువులకు అప్పగించాలని ఆఫీసు నిర్ణయించింది.

సిల్క్ డబుల్ ఏజెంట్. మెడలో పట్టు స్కార్ఫ్‌తో అవతలి ముఠా విందుల్లో తిరిగేది, విన్నవన్నీ ఇటు చేరవేసేది. వారం క్రితం ఆ ముఠా ల్యాబ్ నుంచి కొత్త ప్రాసెసర్ ఒకటి తెచ్చింది. వాళ్ల కోడ్ విప్పడానికి ఆ వేగం కావాలని చెప్పింది. రేటెడ్ స్పీడు 4.8 గిగాహెర్ట్జ్. ఆఫీసు కంప్యూటర్‌లో బిగిస్తే 0.8 దాటలేదు.

ఏసీ రిపేరు వేషంలో ఒక ఏజెంట్ ఆఫీసు వెనక గేటు దగ్గరికి వచ్చాడు. ఆఫీసులో అతన్ని మెకానిక్ అంటారు. సిల్క్‌ను ఇటువైపు తిప్పింది అతనే.

"కూలింగ్ తగ్గిందా?" అన్నాడు. అది కోడ్ మాట.

"గది బానే ఉంది," అని గార్డు తలుపు తీశాడు.

లోపల చీఫ్ నిలబడే ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు.

"ఐదున్నరకి రేవులో ఒక లాంచీ పేలుతుంది. ఏ లాంచీయో మనకి చిక్కిన వాళ్ల కోడ్ మెసేజ్‌లో ఉంది. లాంచీలన్నీ ఆపేస్తే ముఠా బాంబు ఇంకోచోట పెడుతుంది. ఈ స్పీడుకి మెసేజ్ రేపటికిగానీ తెరుచుకోదు. ఆవిడ మనకి డొక్కు సరుకు అంటగట్టిందయ్యా. ఐదింటికి వంతెన మీద ఆవిడని ఇచ్చేసి, వాళ్ల చేతిలో ఉన్న మన మనిషిని తెచ్చుకుంటాం."

"చిప్ మంచిదైతే?"

"ఐదులోపు చూపించు."

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ తల తిప్పలేదు. "సెట్టింగులన్నీ చూశానన్నా. పవర్ సేవింగ్ తీసేశాను. ఇక దానికి దండం పెట్టడమే మిగిలింది."

"టెంపరేచర్ ఎంత?"

"వంద."

"వందా? చెప్పవేం?"

"అందరూ స్పీడే అడిగారు. వేడి ఎవరడిగారు?"

మరీ వేడెక్కితే, కాలిపోకుండా ప్రాసెసర్ తన స్పీడు తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. మెకానిక్ టిష్యూ కాగితం చింపి కేబినెట్ వెనక పట్టుకున్నాడు. కాగితం కదల్లేదు.

టార్చి వేశాడు. గాలి పోయే జాలీ మీద ఎర్ర స్టిక్కర్లు. 'భద్రతా సీలు. చింపినవారు శిక్షార్హులు.' కింద పెద్దాయన సంతకం.

"మైకులు దూరుస్తారని కన్నాలన్నీ మూయించారు," అంది ఆపరేటర్. "పాత చిప్ ఇంత వేడెక్కేది కాదు. చింపొద్దన్నా, ఉద్యోగం పోద్ది."

"నాదేగా."

చింపాడు. టిష్యూ ఎగిరింది. స్క్రీన్ మీద 1.9. కాసేపటికి 3.4. తర్వాత 4.8. అక్కడే నిలబడింది.

4:58కి మెసేజ్ తెరుచుకుంది. ఏడో లాంచీ.

ఆపరేటర్ రేవుకి ఫోన్ చేసింది. పెద్దాయన వంతెనకి చేశాడు.

"ఆపండి. ఆవిడ మన మనిషే."

"వాళ్లు ముందే వచ్చేశారు సార్. మన మనిషిని ఇచ్చి, ఆవిడని ఇప్పుడే జీపెక్కించుకుపోయారు."

పెద్దాయన ఫోన్ పెట్టేసి మెకానిక్ వైపు చూశాడు. మెకానిక్ నేల మీది సీలు ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాడు.

5:29కి ఏడో లాంచీ ఇంజిన్ కింద టైమర్ వైరు కత్తిరించారు. ప్రయాణికులెవరికీ ఏమీ కాలేదు. సిల్క్ గురించి సమాచారం లేదు.

మర్నాడు ఉదయం జాలీ మీద కొత్త సీలు ఉంది. సంతకం పెద్దాయనదే.