లోయ వైపు

ఆఫీసులో అతన్ని మంచుగడ్డ అనేవాళ్ళు. నుదుటికి పిస్టల్ ఆనించినా రెప్ప వెయ్యడని మెచ్చుకోలుగా పెట్టిన పేరు. నిజానికి అది ధైర్యమేం కాదు. మూడేళ్ల క్రితం అన్నయ్య, ఆయనా ఏజెంటే, కొండదారిలో కాలుజారి పోయాడని కబురొచ్చిన దగ్గర్నుంచీ అతనికి భయమూ తెలియడం లేదు, ఆకలీ తెలియడం లేదు.

చీఫ్ ఫైల్ ముందుకి తోశాడు.

"నది నీళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన ఇంజినీర్లు పన్నెండు మంది. రేపు మీ అన్నయ్య పోయిన ఆ కొండ జిల్లా చూడ్డానికి వెళ్తున్నారు. పన్నెండింటికి రోప్‌వే ఎక్కుతారు. అవతలికి చేరకుండా పేల్చెయ్యాలని విదేశీ ముఠా ప్లాన్. బాంబు తెచ్చేవాడు గైడ్ వేషంలో ఉంటాడు." చీఫ్ గొంతు తగ్గించాడు. "మీ అన్నయ్య జారలేదోయ్. తోసింది వాడే. నాకు వాడు ప్రాణాలతో కావాలి."

మంచుగడ్డ సరేనన్నాడు. ముఠాలో మనకి ఒక డబుల్ ఏజెంట్ ఉందని, కోడ్ నేమ్ కత్తెర అని చీఫ్ చెప్పాడు.

మర్నాడు పొద్దున్న, మెడలో బైనాక్యులర్స్‌తో టూరిస్టులా సరస్సు ఒడ్డున నిలబడ్డాడు. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళజోడు పెట్టుకున్న గైడ్ ఒకామె దగ్గరికొచ్చింది.

"శిఖరం కనిపిస్తుందా?" అని కోడ్ అడిగాడు.

"కళ్ళజోడు తీస్తే కనిపిస్తుంది," అంటూ తీసింది.

వదిన. అన్నయ్య పోయిన నెలకే చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి. అప్పట్లో చుట్టాలు తలో మాటా అన్నారు. ఇప్పుడు ఆశ్చర్యపోవాలని అతనికి తెలుసు, అంతే.

"చిక్కిపోయావు," అంది వదిన. అన్నయ్యని తోసినవాణ్ణి వెతుక్కుంటూనే ముఠాలో చేరానంది. ఆ బాంబు మనిషెవరో మాత్రం ముఠా తనకీ చెప్పలేదంది.

నలుగురు గైడ్లు, తలో ముగ్గురు ఇంజినీర్లతో ముందు నడుస్తున్నారు. వెనకాల వదిన గొంతు పెంచి జిల్లా గురించి చెబుతూ నడిచింది. కింద సరస్సు, పడవలవాళ్ళు. నడుమ పళ్లతోటలు, నాలుగు తరాల క్రితం మైదానం నుంచి ఎక్కొచ్చిన తోటలవాళ్ళు. పైన పచ్చిక, గొర్రెలకాపర్లు. కింద ఉన్న ఆ రెండు రకాలవాళ్ళనీ కాపర్లు లెక్కచెయ్యరు. అన్నిటికన్నా పైన వ్యూ పాయింట్, అక్కడ టూరిస్టులు కొండలకి వీపు పెట్టి తమ ఫొటో తామే తీసుకుంటారు.

అక్కణ్ణుంచి దారి సన్నబడింది. వదిన చప్పున లోయ వైపుకి మారి, అతన్ని కొండ వైపుకి నెట్టింది.

"గైడ్ల పద్ధతి. కొత్తవాళ్ళు కొండ వైపు, దారి తెలిసినవాళ్ళు లోయ వైపు. నా కాళ్ళకి అలవాటైపోయింది."

మంచుగడ్డ బైనాక్యులర్స్ ఎత్తాడు. ముగ్గురు గైడ్లు లోయ వైపే ఉన్నారు. నాలుగోవాడు, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ పట్టుకున్న పొడుగాటివాడు, రాతికి భుజం రాసుకుంటూ కొండ వైపు నడుస్తున్నాడు.

ఇద్దరూ పరుగెత్తారు. రోప్‌వే స్టేషన్ చేరేసరికి పొడుగాటివాడు బాక్స్ క్యాబిన్ సీటు కింద పెట్టి, టికెట్లు మర్చిపోయానంటూ దిగిపోతున్నాడు. వాణ్ణి వదినకి వదిలేసి, మూసుకుంటున్న తలుపుల మధ్యనుంచి మంచుగడ్డ లోపలికి దూకాడు.

బాక్స్ తెరిచాడు. టైమర్ మీద ముప్ఫై సెకన్లు. కిటికీలోంచి విసిరెయ్యొచ్చు, కానీ సరిగ్గా కింద ఒక కాపరి, మంద. ఇంజినీర్లు కేకలు పెడుతున్నారు. అతను బాక్స్ ఒళ్ళో పెట్టుకుని మంద దాటేదాకా కూర్చున్నాడు. చెయ్యి వణకలేదు. ఇంకా మూడు సెకన్లుండగా విసిరాడు. కింద ఎండిన వాగులో రాళ్లు లేచాయి. క్యాబిన్ ఊగి ఊగి ఆగింది.

తిరిగొచ్చేసరికి వదిన పొడుగాటివాడికి బేడీలు వేసి, ఆ సన్నదారినే దించుతోంది. మంచుగడ్డ వెనకే నడిచాడు. పదడుగులయ్యాక గమనించాడు. వదిన కొండ వైపు ఉంది, బేడీలవాడు లోయ వైపు.

గుండె దడదడలాడింది. అదేమిటో గుర్తుపట్టడానికి అతనికి కాస్త టైం పట్టింది.

"వదినా, ఇటు మారు."

ఆమె వెనక్కి చూడలేదు. "జారాడని చెబుదువులే."

"అన్నయ్య జారాడనే నాకూ చెప్పారు."

వదిన ఆగిపోయింది. తర్వాత వాణ్ణి రాతి వైపుకి లాగి తను లోయ వైపుకి వచ్చింది. మంచుగడ్డ ఆమెకీ ఇవతలగా, లోయ అంచున నడవడం మొదలుపెట్టాడు.

జేబులో వైర్‌లెస్ మోగింది. వాడు ప్రాణాలతో ఉన్నాడని విని చీఫ్ ఖుషీ అయ్యాడు.

"కొండలు ఎలా ఉన్నాయోయ్?"

మంచుగడ్డ కిందకి చూశాడు.

"బాగా ఎత్తుగా ఉన్నాయి సార్. కాళ్ళు వణుకుతున్నాయి."