తిలెక్ బిగించిన స్క్రూలు

ఆదివారం పొద్దున జూమార్ట్ గోడ పట్టుకుని లేచాడు. రెండు చలికాలాలుగా మోకాళ్లు అతని మాట వినడం మానేశాయి. బుర్మాకన్ పాల టీ పోసి, మొగుడి కేసి కాకుండా కిటికీ కేసి చూస్తూ గిన్నె ముందుకు జరిపింది. రెండేళ్ల కిందట కొడుకు తిలెక్ కారు ప్రమాదంలో పోయాక ఆ ఇంట్లో టీకి, రొట్టెకి, బొగ్గుకి సరిపడా మాటలే మిగిలాయి. ఏడుపు కూడా ఎవరికీ రావడం లేదు.

"మళ్ళీ కొండకేనా?"

"ఊఁ."

"మోకాళ్లకు కుక్కబొచ్చు పట్టీలు కట్టుకున్నారా? కొవ్వు రాసుకున్నారా?"

"రాసుకున్నా. ఇంకాస్త రాస్తే నన్నే బాణలిలో వేయించొచ్చు."

పూర్వమైతే ఆమె నవ్వేది.

సంవత్సరీకం నాడు గుర్రాన్ని కోసి తమ ఊరు కరకోల్‌లో తెలిసినవాళ్లందరికీ పెట్టారు. ఆనవాయితీ ప్రకారం తిలెక్ బట్టలు, టోపీలు, జీను పంచేశారు. మంచు మీద జారే బోర్డు ఒక్కటే జూమార్ట్ ఎవరికీ ఇవ్వలేదు. యాభై దాటిన తండ్రికి జారడం నేర్పింది ఆ కొడుకే. ఇప్పుడు సెలవు దొరికితే చాలు, దాని మీదే కొండ దిగడం, ఇంటికొచ్చి మోకాళ్లు పట్టుకుని మూలగడం. ఇదేం మొండితనమో ఎవరికీ అంతుబట్టలేదు.

కూతురు జిబెక్ ఈ చలికాలమే రాజధాని బిష్కెక్ నుంచి తిరిగొచ్చి, కొండ కింద బోర్డులు అద్దెకిచ్చే కొట్టులో చేరింది. జూమార్ట్ వరండాలోకి వచ్చేసరికి ఆమె స్క్రూడ్రైవర్‌తో ఆ బోర్డు ముందు కూర్చుని ఉంది.

"ఏయ్! వదులు దాన్ని!"

"నాన్నా, అన్నయ్య నీకంటే తలంత పొడుగు. బోర్డు మీద పాదాలు బిగించే పట్టాల ఎడం వాడి కొలతే ఉంచేశావు. వెనక పాదం కూడా ముందుకే తిరిగి ఉంది. గుర్రాలెక్కి వంగిన కాళ్లు నీవి. ఇలా నిలబడితే మోకాళ్లు మెలిపడవా? పట్టాలు దగ్గరికి జరిపి, పాదాలు రెండూ బయటికి తిప్పి, కింద ఏటవాలు మెత్తలు వేస్తే హాయిగా జారతావు."

"వాడు బిగించిన స్క్రూలవి. తాకావంటే ఊరుకోను."

గుమ్మంలోకి వచ్చిన బుర్మాకన్ నిలబడిపోయింది. "అంటే, నొప్పి పుడుతుందని తెలిసే చేస్తున్నారా?"

జూమార్ట్ లెక్కలు చెబుతున్నట్టు చదునుగా అన్నాడు. "వాడు పెట్టిన చోటే పాదాలు పెట్టి నిలబడతా. నొప్పి తెలుస్తుంది. వాణ్ణి పాతిపెట్టాక నాకు తెలుస్తున్నది అదొక్కటే బుర్మాకన్. అదీ పోతే ఎలా?"

"ఇంకో ఏడాది ఇలాగే జారితే చేతికర్ర తప్పదని డాక్టర్ అనలేదూ?" అంది జిబెక్. "జారడం మానమని నేననను. బతికున్న పిల్లను నేనూ ఉన్నాగా నాన్నా. నా చెయ్యి పనికిరాదా?"

రెండేళ్లుగా ఆ బోర్డు వంక చూడని బుర్మాకన్ వచ్చి నేల మీద కూర్చుని, దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"కదలకుండా పట్టుకుంటా. తిప్పవే."

స్క్రూ కిర్రుమంది. జూమార్ట్ కళ్లు మూసుకున్నాడు గానీ ఆపమనలేదు.

మధ్యాహ్నం తండ్రీ కూతురూ కలిసి కొండ దిగారు. సగం వాలులో జూమార్ట్ ఆగి, మంచులో చతికిలబడ్డాడు.

"మళ్ళీ నొప్పా నాన్నా?"

"లేదే." మోకాళ్లు తడిమి చూసుకున్నాడు. పోయిన వస్తువు వెతుక్కునేవాడిలా మళ్ళీ తడిమాడు. "అస్సలు లేదు తల్లీ."

"మన తిలెక్ పోయాడే జిబెక్" అన్నాడు. రెండేళ్లలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు. చేతితొడుగుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. జిబెక్ పక్కన కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. జారుతూ వెళ్లేవాళ్లు వాళ్లను చూసి పక్కకు తప్పుకున్నారు.

కాసేపటికి అతను ముక్కు తుడుచుకుని కూతురి భుజం పట్టుకుని లేచాడు.

"పద. ఇంట్లో మీ అమ్మ ఒక్కతే ఉంది. ఎన్నాళ్లుగానో."