సున్నపు గానుగ కాడి గోళ్ళు

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే బాటలో, మా ఊరు దాటినాక, పాడుబడిన సున్నపు గానుగ ఒకటుండేది. గుండ్రటి రాతి కాలవ, అందులో నిలువెత్తు రాతి చక్రం. సున్నం నూరే రోజుల్లో ఒక కూలి ఆడమనిషి ఆ చక్రం కింద పడి నలిగిపోయిందంట. అప్పట్నుంచి, పొద్దు మునిగినాక ఆ పక్క పోయినవాళ్ళను గోళ్ళతో గీరుతాదని పేరు. బండివాళ్ళు ఎంత చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ దారి తొక్కరు.

నేను తొక్కినాను. హనుమంతరాయుడంటే ఏమనుకున్నారు? చిరుతపులిని తోక పట్టుకుని కొండ దించినవాణ్ణి. దిగినాక అది వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది!

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో, తొమ్మిదో. మా అన్న వరస సంజీవప్ప కూతురు కుళ్ళాయమ్మ, పదహైదేండ్ల పిల్ల, ఉన్నట్టుండి నవ్వడం మానేసింది. తట్ట ముందర కూర్చుని అన్నం వైపే చూస్తా ఉండేది. తర్వాత ఎడమ చేతి మీద గీతలు... గానుగ కాడి దెయ్యం గీరిందని తనే చెప్పింది.

కదిరి పక్క నుంచి మంత్రగాణ్ణి రమ్మని కబురు పెట్టినారు. అమాస నాడు ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెడతాడంట.

"రేపే అమాస. పిల్ల బతకాలంటే తప్పదప్పా" అని సంజీవప్ప కండ్లు తుడుచుకున్నాడు.

"కడ్డీ ఎందుకబ్బా? ఆ దెయ్యాన్ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి నీ గడపకు కట్టేస్తా!" అని మీసం తిప్పి, లాంతరు తీసుకుని బయలుదేరినాను.

చీకటి... కీచురాళ్ళు... నా చెప్పుల చప్పుడుకు భూమి అదిరిపోతా ఉంది. గానుగ దగ్గరికి వచ్చేసరికి అదరడం ఆగింది — ఎందుకంటే నేనే ఆగినాను.

చక్రం వెనక... గర్... గర్...

లాంతరు ఎత్తినాను. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. తల వంచుకుని — తన చేతిని తనే గీరుకుంటా ఉంది.

"ఎ... ఎవరది?"

తల ఎత్తింది. కుళ్ళాయమ్మ!

"చిన్నాయనా... నాయనకు చెప్పొద్దు."

పక్కన చతికిలబడి ఆ చెయ్యి పట్టుకున్నాను. "ఎందుకమ్మీ? ఎవరేమన్నారు? ఏం జరిగింది?"

"ఏమీ జరగలా. అందరూ అదే అడుగుతారు. లోపల రాయి పెట్టినట్టుండాది. పొద్దున లేస్తే ఎందుకు లేచినానా అనిపిస్తాది. ఇట్ల మండితే రవ్వసేపు ఆ రాయి తెలీదు. మళ్ళా వస్తాది... ఇంకా బరువుగా." గొంతు తగ్గించింది. "ఏమీ జరగలేదంటే ఎవరూ నమ్మరు చిన్నాయనా. దెయ్యమంటే నమ్ముతారు."

"రేపు వాతలు పెడతారే, తెల్సా?"

"పెట్టనీ."

ఆ మాటలో భయం లేదు. ఎదురుచూపు ఉంది. చిరుతపులికి జలదరించని ఒళ్ళు నాకు అప్పుడు జలదరించింది.

పిల్లను వెంటబెట్టుకుని వస్తా ఉంటే దారంతా ఒకటే ఆలోచన. దెయ్యం లేదంటే — నాటకాలాడుతాండావా అని సంజీవప్ప కట్టె తీస్తాడు. ఉందంటే కడ్డీ.

పిల్లను పెరటి తలుపు నుంచి లోపలికి పంపి, వీధి మలుపులో నా పైపంచె నేనే చించుకున్నాను. సంజీవప్ప అరుగెక్కి, నా జన్మలో కోయనంత కోత కోసినాను.

"పట్టినానప్పా! ఏం కుస్తీ, ఏం కుస్తీ! పంచె చూడు! చివరికి కాళ్ళ మీద పడి, మెల్లగా పోతానని మాటిచ్చింది. ఇనుము తగిలితే పిల్లను విడవదంట. తిట్టినా, కొట్టినా విడవదంట. రాత్రి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పక్కన పడుకోవాల. ఎందుకు, ఏమిటని పీక్కుతినరాదు. పిల్ల నోరు తెరిస్తే వినాల, అంతే."

"ఎన్నాళ్ళప్పా?"

"పోయేదాకా."

సంజీవప్ప నా చేతులు కండ్లకద్దుకున్నాడు. మంత్రగాణ్ణి రావద్దని చెప్పడానికి అప్పుడే మనిషిని పంపినాడు.

అందరూ లోపలికి పోయినారు. గడప కాడ సంజీవప్ప తల్లి, అక్కమ్మవ్వ, ఒక్కతే మిగిలింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"కుస్తీ పట్టలేదు కదా, నాయనా?" అంది గుసగుసగా.

నేను నోరు తెరిచేలోపల కొంగు తొలగించి, ఎడమ చెయ్యి లాంతరు ముందర చాపింది.

ముడతల మధ్య... తెల్లగా, వరసగా... పాత గీతలు.



అవ్వ లోపలికి పోయి, మనవరాలి పక్కన ఒరిగి, ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నా వైపు చూడకుండానే అంది:

"ఆ వయసులో... చెప్పుకునేదానికి నాకు దెయ్యమన్నా దొరకలేదు నాయనా."