పొత్తిలి సీసా

సముద్రం మీద తేలే కళింగసాగరం పట్టణంలో ఇళ్ల గోడలు అట్టల్లా పల్చగా ఉంటాయి. బరువు పెరిగితే ప్రమాదమని మందపాటి గోడలు కట్టనివ్వరు. ఊళ్లో సగం మంది పనిలో ఉంటే మిగతా సగం నిద్రలో ఉంటారు. ఒక్క పసిపిల్ల ఏడిస్తే చుట్టూ నాలుగిళ్లు లేచి కూర్చునేవి.

2084లో పొత్తిలి అనే ప్లాస్టిక్ పాలసీసాలు వచ్చాక ఆ గొడవ తగ్గింది. పాలు చల్లారితే సీసా తనంతట తనే వెచ్చబడుతుంది. తాగడం అయిపోగానే తనే శుభ్రమవుతుంది. పొత్తిలితో పాలు తాగిన పిల్లలు హాయిగా పడుకుంటున్నారని ఊరంతా చెప్పుకున్నారు. పాలు ఒకే వేడిలో అందడం వల్ల కడుపు కుదురుగా ఉంటుందని కంపెనీ వివరించింది.

ప్లాస్టిక్ లోంచి ఆహారంలోకి చేరే రసాయనాలను కొలవడం డాక్టర్ హైమవతి పని. దాన్ని 'రసాయన వలస' అంటారు. పాత పద్ధతిలో సీసాను పలచటి వెనిగర్‌తోనో, నూనెతోనో నింపి, వెచ్చగా ఉంచి, అందులోకి ఏం దిగిందో చూసేవారు. పొత్తిలి ఆ పరీక్షలన్నీ నెగ్గింది. కానీ హైమవతికి ఎప్పుడూ ఒకటే అసంతృప్తి. బిడ్డ అంటే వెనిగర్ కాదు కదా! బిడ్డ పీలుస్తుంది, కొరుకుతుంది, చొంగ కారుస్తుంది.

అందుకే ఆమె, సహచరుడు నజీర్ కలిసి కృత్రిమ శిశువును తయారుచేశారు. దానికి చిగుళ్లున్నాయి, లాలాజలం ఊరుతుంది, పాలు అరిగే పొట్ట ఉంది. తలలో ప్రయోగశాలలో పెంచిన నాడీకణాల ముద్ద ఉంది. ఆకలేస్తే ఆ కణాలు కదిలి శిశువు ఏడుస్తుంది. పాలు పడ్డాక ఏడుపు ఆగాలి, వేళకి మామూలుగా మళ్లీ ఆకలేసి ఏడవాలి. అప్పుడే నరాలు బాగున్నట్టు లెక్క. శిశువు లోపలికి వెళ్లిన ప్రతి అణువూ ఎక్కణ్ణుంచి వచ్చిందో పక్కనే ఉన్న విశ్లేషణ యంత్రం మాటల్లోనే చెబుతుంది.

మొదటిసారి పొత్తిలి సీసా నోట్లో పెట్టగానే శిశువు గటగటా తాగింది. ఆకలి వేళ దాటిపోయింది. ఏడవలేదు.

"స్పీకర్ పోయిందేమో మేడమ్," అన్నాడు నజీర్.

"స్పీకర్ బాగానే ఉంది," అంది విశ్లేషణ యంత్రం. "నాడీకణాలు మొద్దుబారాయి. పాలల్లో నిద్రమందు అణువులు ఉన్నాయి."

హైమవతి కుర్చీలోంచి లేచింది. "పాలు మనం కలిపినవే కదా! మందెక్కడిది?"

"సీసా గోడలోంచి. గోడలో కంటికి కనపడని మందు గుల్లలున్నాయి. వెనిగర్ తగిలినా నూనె తగిలినా అవి తెరుచుకోవు. లాలాజలం తగిలితేనే తెరుచుకుంటాయి."

నజీర్ శిశువు నోట్లోంచి సీసా లాగేశాడు. "అంటే... పొరపాటున కారడం కాదు. పరీక్షకు దొరక్కుండా కావాలనే పెట్టారు."

"పసిపిల్లలకి నజీర్! నోరులేని పసిపిల్లలకి!" అంది హైమవతి. ఊళ్లో ఏ గుమ్మం ముందుకెళ్లినా కనిపించే సీసా అది.

సాయంత్రానికి ప్రభుత్వం అమ్మకాలు ఆపించింది. మందు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని హైమవతే ప్రతి ఇంటి తెర మీదా కనిపించి చెప్పింది. సీసాలు ప్రయోగశాలలో అప్పగించమని కోరింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి గేటు బయట వంతెన దాకా వరుస ఉంది. ఆమె మనసు తేలికపడింది. వరుసలో మొదట నిలబడ్డ యువతి కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి. చంకలో పాప ఉంది.

"సీసా ఇటివ్వమ్మా," అంది హైమవతి.

"ఇవ్వడానికి రాలేదు మేడమ్. మాది పగిలిపోయింది. షాపుల్లో లేవంటున్నారు. మీ దగ్గర పోగయినవాటిలో ఒకటి ఇప్పిస్తారేమోనని."

హైమవతికి ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. "నిన్న నేను చెప్పింది వినలేదా? అందులో మందుంది తల్లీ!"

"విన్నాను మేడమ్. కొంచెమే కదా ఉండేది? రోజుకొక్కసారి పడితే ఏమవుతుంది?" ఆ యువతి గొంతు తగ్గించింది. "మా ఆయనది ఓడరేవు పని. నిద్ర లేకుండా క్రేన్ ఎక్కుతున్నాడు. పక్కింటివాళ్లు గోడ బాదుతున్నారు. మీరే చెప్పండి, నన్నేం చెయ్యమంటారు?"

వెనకున్నాయన అందుకున్నాడు. "మందు సంగతి మాకు ముందే అనుమానమండీ. ఏ పిల్లైనా ఊరికే అంతసేపు పడుకుంటుందా?"

అతన్ని కాదన్నవాళ్లు లేరు. వరుస పొడుగునా వెతికితే సీసా తిరిగివ్వడానికి వచ్చినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు.

హైమవతి కాళ్లీడ్చుకుంటూ లోపలికి వచ్చింది. ప్రయోగశాలలో ఏడుపు వినపడటం లేదు. నజీర్ తెర మీద ఆరోగ్యశాఖ అధికారులతో మాట్లాడుతున్నాడు. అతని వెనక తొట్టెలో కృత్రిమ శిశువు కళ్లు మూసుకుని ఉంది. దాని నోట్లో పొత్తిలి సీసా ఉంది.

ఆమె చూపు గమనించి నజీర్ తమ మాటలు అధికారులకు వినపడకుండా మైకు ఆపాడు. "పొద్దుట్నుంచీ ఒకటే ఏడుపు మేడమ్. వాళ్లేం అడుగుతున్నారో వినపడటం లేదు. అయినా అది యంత్రమే కదా."

"తియ్యి నజీర్."

"తీస్తాను. ఈ మీటింగ్ అవ్వగానే. వాళ్లు మీతోనే మాట్లాడతామంటున్నారు."

హైమవతి సీసా తీయడానికి వంగింది. చెయ్యి సీసాకు తగిలింది. నజీర్ మైకు మళ్లీ కలిపాడు, తెర మీద అధికారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. నిషేధం ఎత్తేయమని జనం ఒత్తిడి చేస్తున్నారట, వెంటనే సమాధానం కావాలట.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. సీసా అక్కడే ఉండిపోయింది.

"చెప్పండి సార్," అంది. "వినపడుతోంది."